ఇంటి మాట

శాంభవి దక్కింది. ఆ పుణ్యం ఒక టిఫిన్ డబ్బాది.

సోమవారం మధ్యాహ్నం గవర్నర్‌పేటలోని ఆ స్కూలు ఆఫీసుకి ఫోనొచ్చింది. రెండో తరగతి శాంభవి వాళ్ళమ్మ జ్ఞానేశ్వరి గొంతు. మా అమ్మకి బాగోలేదు, ఆసుపత్రికి తీసుకెళ్తున్నాం, నా ఫోన్లో ఛార్జింగ్ లేక వేరేవాళ్ళ ఫోన్ నుంచి చేస్తున్నాను, పాపని బయటున్న నీలం కారు డ్రైవరుతో పంపించండి అంది. ఆ గొంతుని బాగా ఎరిగిన గుమాస్తా జాన్ పాల్ సరేనండీ అన్నాడు. ఆయా ఆదెమ్మ పిల్లని పిలుచుకొచ్చింది. గేటు దాకా వచ్చాక పిల్ల డబ్బా మర్చిపోయానంది. డబ్బా లేకుండా పంపితే వాళ్ళమ్మ తననే నిలదీస్తుందని ఆదెమ్మ మళ్ళీ లోపలికి తీసుకుపోయింది. వాళ్ళు తిరిగొచ్చేలోపల సందు మలుపులో ఒక స్కూటీ కనిపించింది. దాని మీద సాక్షాత్తూ జ్ఞానేశ్వరి, పొద్దున పిల్ల మర్చిపోయిన దగ్గుమందు ఇవ్వడానికి వస్తోంది. ఆమెని చూడగానే నీలం కారు కదిలి వెళ్ళిపోయింది.

"నేనెప్పుడు ఫోన్ చేశానండీ?" అని ఆమె అడిగింది. పోయిన వారం మనం ఆమెని ఆ ప్రశ్నతోనే గేటు దగ్గర వదిలేశాం.

ఆ స్కూలు గోడకీ గేటుకీ జవాబుదారీ శేషగిరిరావు. సీఐగా రిటైరయ్యి, ఇంట్లో టీవీ ముందు కూర్చోలేక ఈ పనికి ఒప్పుకున్న మనిషి. ఒప్పుకున్న వేసవిలోనే శ్రద్ధగా ఒక సెక్యూరిటీ ప్లాను రాసిచ్చాడు. గోడ మీద గాజుపెంకులు ఎక్కడ పొదగాలి, కెమెరా ఏ మూలని చూడాలి, ఏ ఆటోవాడు ఏ పిల్లని ఎక్కించుకోవాలి, గేటుకున్న చిన్న తలుపు ఎప్పుడు తియ్యాలి, అన్నీ అందులో ఉన్నాయి. కరస్పాండెంటు దానికి అట్ట వేయించి, అడ్మిషన్లకొచ్చే తల్లిదండ్రులకి కనపడేలా ఆఫీసులో అద్దాల బీరువాలో, వినాయకుడి బొమ్మ పక్కన పెట్టించాడు. అట్ట తెరిస్తే మొదటి వరుస: ముప్పు — బయటివాళ్ళు.

అది రాసినప్పుడు శేషగిరిరావు మీసం దువ్వుకున్నాడు. సర్వీసంతా ఆయన పట్టుకున్నవాళ్ళు గోడలు దూకినవాళ్ళూ, తాళాలు పగలగొట్టినవాళ్ళూ. గొంతులో దూరి వచ్చేవాడు ఒకడుంటాడని ఆయనకి ఏ ట్రైనింగులోనూ చెప్పలేదు.

మంగళవారం పొద్దున్నే ఆయన తనకు అలవాటైన పని చేశాడు. జాన్ పాల్‌ని ఆఫీసు గోడకి నిలబెట్టాడు.

"ఎవడయ్యా నీకు చెప్పింది?"

"ఆవిడే చెప్పారు సార్."

"ఆవిడ చెయ్యలేదంటోందిగా."

"సార్, ఆవిడ ఏది మాట్లాడినా 'అదేనండీ' అని మొదలెడతారు. నిన్నా అలాగే మొదలెట్టారు. మీరు నన్ను స్టేషన్లోలాగా గోడకి నిలబెట్టినా, కింద కూర్చోబెట్టినా ఆవిడే మాట్లాడారంటాను."

"మళ్ళీ అదే మాట."

"పోనీ ఆవిణ్ణి కూడా నిలబెట్టండి. గోడ చాలా పొడుగుంది."

శేషగిరిరావు చెయ్యి లేచింది. మళ్ళీ తనే దించుకున్నాడు. ఖాకీ లేకుండా లేచిన చెయ్యి ఎంత తేలిగ్గా ఉంటుందో ఆయనకి ఈ రెండేళ్ళలో బాగా తెలిసొచ్చింది.

జాన్ పాల్ అబద్ధం ఆడలేదని ఆ మధ్యాహ్నమే తేలింది. అడ్మిషన్ల కోసం ఫోన్ చేసేవాళ్ళతో స్టాఫ్ ఎలా మాట్లాడుతున్నారో వినాలని కరస్పాండెంటు ప్రద్యుమ్న ఆఫీసు ఫోన్లన్నీ రికార్డు చేయిస్తున్నాడు. తండ్రి రెండు గదుల్లో పెట్టిన స్కూలుని నాలుగంతస్తులకి ఎత్తినవాడు, ముప్పై దాటీ దాటని కుర్రవాడు. తన ఏసీ గదిలో జ్ఞానేశ్వరినీ శేషగిరిరావునీ కూర్చోబెట్టి ఆ రికార్డు వినిపించాడు.

"అదేనండీ, నేను శాంభవి వాళ్ళ అమ్మని మాట్లాడుతున్నాను..."

జ్ఞానేశ్వరి తన గొంతు మీద చెయ్యి పెట్టుకుంది, అది ఇంకా అక్కడే ఉందో లేదో చూసుకుంటున్నట్టు. ఆమె ఇంటర్ పిల్లలకి లెక్కలు చెప్పే లెక్చరర్. కట్టు తప్పని నేత చీర, ముడి విడని జుట్టు. బుడమేరు పొంగి ఊళ్ళోకి వచ్చినప్పుడు భర్త అఖిలేష్ నీళ్ళలో కొట్టుకుపోయాడు. అప్పటినుంచి ఆమె నలుగురిలో ఏడవడం ఎవరూ చూడలేదు. ఇప్పుడూ ఏడవలేదు.

"ఇది నా గొంతేనండీ," అంది. "కానీ ఆ మాటలు నావి కావు."

"ఏఐ మేడం," అన్నాడు ప్రద్యుమ్న. వాతావరణం గురించి చెప్పినట్టు చెప్పాడు. "ఎవరి గొంతైనా కాసేపు వినిపిస్తే చాలు, తర్వాత ఫోన్లో ఎవడు మాట్లాడినా అప్పటికప్పుడు ఆ గొంతులోకి మార్చేస్తుంది. మీ పాఠాల వీడియోలు ఫోన్లో ఊరందరూ చూస్తారు కదా. ఎవడో తుంటరి వెధవ. పోలీసు కంప్లయింట్ ఎలాగూ ఇచ్చాం. అంకుల్, నేనేమంటానంటే, గేటు దగ్గర ఇంకో నాలుగు కెమెరాలు పెట్టిద్దాం."

"కెమెరా ఏం చూస్తుంది బాబూ?" అన్నాడు శేషగిరిరావు. "ఫోనెత్తిన జాన్ పాల్‌ని చూస్తుంది. పిల్లని నడిపించుకెళ్ళే ఆదెమ్మని చూస్తుంది. వాళ్ళిద్దరూ మనవాళ్ళే. వాడి పని మనవాళ్ళ చేత చేయించుకున్నాడు వాడు."

"అయితే జాన్ పాల్‌ని మానిపిద్దాం."

"రేపు ఇంకొకణ్ణి పెడతావు. వాడికీ చెవులుంటాయి. ప్లాను మార్చాలి."

"మార్చండి, మిమ్మల్ని ఎవరు వద్దన్నారు? పేరెంట్స్‌కి మాత్రం తెలియకూడదు."

"తెలియకుండా ఎలా మారుస్తాను? గోడయితే రాత్రికి రాత్రి ఎత్తు పెంచొచ్చు. ఇప్పుడు మారాల్సింది వాళ్ళ అలవాటు."

ప్రద్యుమ్న కుర్చీలో వెనక్కి వాలాడు. "మీకు తెలీదు అంకుల్. ఇది అడ్మిషన్ల టైము. ఈ ముక్క పొక్కిందంటే పక్క వీధి స్కూలువాళ్ళు స్వీట్లు పంచుకుంటారు. పిల్లకి ఏమీ కాలేదు కదా. క్షేమంగా ఉంది కదా."

అప్పటిదాకా నేల చూస్తున్న జ్ఞానేశ్వరి తలెత్తింది.

"పాప ఆ కారెక్కి ఉంటే కూడా ఇదే మాట అనేవారా అండీ?"

"అది కాదు మేడం..."

"ఇదే అనేవారు. కాకపోతే నాలుగు కెమెరాలకి బదులు ఎనిమిది అనేవారు." ఆమె లేచింది. "మీరు చెప్పకపోతే నేనే ఒక్కొక్కరికీ చెప్తాను. నా గొంతు ఊరందరికీ తెలుసని మీరే అన్నారుగా."

ప్రద్యుమ్న టేబుల్ మీది పేపర్‌వెయిట్‌ని అటూ ఇటూ తిప్పాడు. చివరికి శేషగిరిరావు వైపు చూసి, "గురువారం మీటింగ్ పెట్టుకోండి. జాగ్రత్తగా మాట్లాడండి," అన్నాడు.

గురువారం స్కూలు హాలు నిండిపోయింది. శేషగిరిరావు మైకు పట్టుకోలేదు. స్టేషన్లో మైకుతో పని లేకుండానే గడిచిపోయిన గొంతు అది.

"ఇకనుంచి ఫోన్ చేసి మా పిల్లని పంపమంటే పంపం," అన్నాడు. "అమ్మ గొంతైనా సరే, నాన్న గొంతైనా సరే. గొంతుల్ని నమ్మే రోజులు పోయాయి. ప్రతి ఇంటికీ ఒక మాట పెట్టుకోండి. దాని పేరు ఇంటి మాట. అది చెప్తేనే పిల్ల గేటు దాటుతుంది."

"ఏంటండీ, ఏటీఎం పిన్నా?" అన్నాడు ముందు వరుసలో ఒక తండ్రి. నలుగురు నవ్వారు.

"అంతే. ఏటీఎంలో మీ అమ్మాయి ఉందనుకోండి."

నవ్వు అక్కడితో ఆగింది.

ఒక్కొక్కరూ వచ్చి చెవిలో మాట చెప్పి వెళ్ళాలి. జాన్ పాల్ దాన్ని కంప్యూటర్లో ఎక్కించాలి. మొదట వచ్చినావిడ అటూ ఇటూ చూసి రహస్యంగా "దుర్గమ్మ" అంది. రెండో ఆయన "కనకదుర్గ" అన్నాడు. ఆ తర్వాత "అమ్మవారు", "అమ్మ దయ", మళ్ళీ "దుర్గమ్మ". చివరి వరుసలోంచి ఒకాయన హాలంతా వినపడేలా, "ఏమే, మన బుజ్జిగాడి పేరే పెట్టేద్దామా?" అని భార్యని అడిగాడు. హాలంతా ఆ ఇంటి మాట తెలుసుకుంది.

శేషగిరిరావు కుర్చీలోంచి లేచాడు.

"అయ్యా, అమ్మా, వినండి. కొండ మీదున్నావిడ పేరు పెడితే కొండ కిందున్న ఊరంతా చెప్తుంది. దొంగ మాత్రం భక్తుడు కాదా? వాడూ శుక్రవారం శుక్రవారం కొండెక్కే రకమే అయ్యుంటాడు. దేవుళ్ళ పేర్లొద్దు. పిల్లల ముద్దుపేర్లొద్దు, అవి మీరు బాల్కనీల్లోంచి వీధంతా వినపడేలా అరుస్తారు. మీ ఇంటి గుమ్మం దాటని మాట కావాలి నాకు."

ఒకటో తరగతి అర్హాన్ వాళ్ళమ్మ గుల్షన్ నవ్వుతూ టేబుల్ దగ్గరికొచ్చింది. "మా ఆయన జన్మకొకసారి వండిన కూర పేరు చెప్తానండీ. అది తిన్నవాళ్ళెవరూ బయట చెప్పుకోరు," అంది.

"అదీ! అలాంటివి చెప్పండి," అన్నాడు శేషగిరిరావు. ఆ రోజుకి ఆయన మొహంలో కనపడిన వెలుతురు అంతే. "ఇంకో సంగతి. మాటంటే ఉన్నదున్నట్టు చెప్పాలి. ముందొక అక్షరం, వెనకొక అక్షరం తగిలించినా నా దగ్గర చెల్లదు."

"చివర్న అండీ అనొచ్చాండీ?"

"అండీ కూడా వద్దండీ," అన్నాడాయన విసుగ్గా. హాలు గొల్లుమంది. ఆ ఊళ్ళో అండీ, గారూ లేకుండా ఒక్క వాక్యం ముగించమంటే గొంతు పట్టేసినట్టుంటుంది జనానికి.

అందరూ వెళ్ళాక జ్ఞానేశ్వరి మిగిలింది. జాన్ పాల్‌ని టీకి పంపించి శేషగిరిరావు తలుపు వేశాడు.

"మీ మాట కంప్యూటర్లో ఎక్కించనమ్మా. నా తలకాయలోనే ఉంచుకుంటాను. పాప కోసం ఏ ఫోనొచ్చినా నేనే మాట్లాడతాను. ముందు ఒక సంగతి చెప్పండి. పాప మీద కన్నేసేవాళ్ళు ఎవరైనా ఉన్నారా? అత్తవారి వైపు?"

"ఆయన పోయాక వాళ్ళు మా మొహమే చూడలేదండీ. పాప పుట్టినరోజుకి కూడా ఫోన్ లేదు."

"మీ ఆయన..." శేషగిరిరావు ఆగాడు. పోలీసు బుద్ధి నోటి దాకా వచ్చిన ప్రశ్నని వదల్లేదు. "గుర్తుపట్టింది మీరేనా?"

"మొహం ఏముందండీ అప్పటికి. నీళ్ళు తీశాక బురదలో దొరికారు. చొక్కా ఆయనదే. నేను కొన్నదే. జేబులో ఆఫీసు ఐడీ కార్డుంది." ఆమె పాఠం చెప్పినట్టే చెప్పింది. "పాప చేతిని పట్టుకుని మా తమ్ముడే కొరివి పెట్టించాడు."

ఇంకో ప్రశ్న ఉంది. అది ఏ కొత్త ఎస్సై అయినా అడిగేదే. కానీ ఎదురుగా ఉన్నది స్టేషన్లో నిలబెట్టిన మనిషి కాదు. చీర కొంగు చివర వేలికి చుట్టుకుని, విప్పి, మళ్ళీ చుట్టుకుంటున్న ఆడమనిషి. శేషగిరిరావు ఆ ప్రశ్నని మింగేశాడు. సర్వీసులో ఎప్పుడూ చెయ్యని పని అది.

"సరే. బతికున్నవాళ్ళలో మీకు తప్ప ఇంకెవరికీ తెలియని మాట ఒకటి చెప్పండి."

ఆమె కిటికీలోంచి బయటికి చూసింది. కింద వీధిలో ఆటోలు ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి. చెరుకురసం బండి గంట మోగుతోంది.

"చింతచిగురు," అంది.

"ఏమిటీ?"

"అది కడుపులో ఉన్నప్పటి పేరండీ. నాకు అప్పుడు చింతచిగురు తప్ప ఏదీ సయించేది కాదు. ఆయన రైతు బజారంతా గాలించి తెచ్చేవారు. పుట్టాక మా అత్తగారు శాంభవి అని పెట్టారు. ఆ పేరు మళ్ళీ మేమిద్దరం అనలేదు."

"పాపకి?"

"తెలీదండీ. పెద్దయ్యాక చెప్దాం అనుకున్నాం ఇద్దరం."

శేషగిరిరావు తల ఊపాడు. ఆయనకి నచ్చింది. లోపల్నుంచి వేసుకున్న గడియలాంటి మాట. బయటినుంచి ఏ తాళంచెవీ దానికి పట్టదు అనుకున్నాడు. వెళ్ళేముందు ఆమె, "ఎవరికీ చెప్పరు కదా?" అని అడిగింది. ఆయన నొచ్చుకున్నాడు.

"నా పేరు అడిగితే ఊళ్ళో ఎవడైనా చెప్తాడమ్మా, నేను ఏం చెయ్యనో."

ఆ తర్వాత కొన్నాళ్ళు ఏమీ జరగలేదు. ఆ ఏమీ జరగకపోవడమే అందరికీ ధైర్యమిచ్చింది. కంప్లయింట్ ఇచ్చిన స్టేషన్ నుంచి కబురొచ్చింది: ఆ నంబరు ఎవరో ముసలాయన ఫోనుదిట, ఆ ఫోను వన్ టౌన్ బజారులో ఎప్పుడో జేబులోంచి పోయిందిట. ప్రద్యుమ్న ఇంటి మాట పద్ధతిని, గుమ్మం దాటని మాటే పెట్టుకోవాలన్న నియమంతో సహా, కరపత్రంలో అచ్చు వేయించి ఊరంతా పంచాడు. దాచమన్న నోటితోనే దాన్ని స్కూలు గొప్ప కింద చెప్పుకోవడం మొదలుపెట్టాడు. జాన్ పాల్ శేషగిరిరావుతో మాట్లాడటం మానేశాడు. అడిగినదానికి జవాబు చెప్పేవాడు, గుడ్‌మార్నింగ్ మాత్రం గోడకి చెప్పేవాడు.

జ్ఞానేశ్వరి రోజూ మధ్యాహ్నం వచ్చి ఆఫీసులో కూర్చునేది. కిటికీలోంచి చూస్తే వరండాలో పిల్లలు వరసగా కూర్చుని అన్నాలు తినడం కనిపిస్తుంది. శాంభవి డబ్బా మూత తియ్యడం, పక్కపిల్లకి కూర పెట్టడం, ఆదెమ్మ కేకేస్తే మూతి తుడుచుకోవడం, అంతా చూసి వెళ్ళేది.

"రోజూ ఇలా వస్తే ఎలాగమ్మా? మీ కాలేజీలో ఏమనరా?" అన్నాడు శేషగిరిరావు మరుసటి బుధవారం.

"అంటున్నారండీ," అంది ఆమె. చూపు మాత్రం కిటికీలోంచి తిప్పలేదు.

జాన్ పాల్ ఆమెకి గ్లాసుతో మంచినీళ్ళు తెచ్చి పెట్టాడు. అప్పుడు ఫోన్ మోగింది. అతనే ఎత్తాడు. హలో అన్నాడు. ఎదురుగా కూర్చున్న జ్ఞానేశ్వరిని చూశాడు. ఆమె పెదాలు మూసే ఉన్నాయి. రిసీవరు పక్కన పెట్టి, స్పీకరు బటన్ నొక్కాడు.

"అదేనండీ, నేను శాంభవి వాళ్ళ అమ్మని."

గది మధ్యలో ఆమె గొంతు మోగుతోంది. ఆమె మాత్రం గ్లాసు పట్టుకుని మాట లేకుండా కూర్చుని ఉంది.

శేషగిరిరావు ఆమె వైపు అరచెయ్యి చూపించాడు, కదలొద్దని. ఫోన్ మీదకి వంగాడు. ఎన్నాళ్ళ తర్వాతో ఆయన ఒంట్లో పాత రక్తం కదిలింది. వలలోకి చేప వచ్చింది.

"చెప్పండమ్మా."

"పాపని ఒకసారి పంపించాలండీ. ఆధార్ సెంటర్లో వేలిముద్రలకి రమ్మన్నారు. గేటు దగ్గరికి మనిషి వస్తాడు."

"అలాగేనమ్మా, పంపిస్తాం. ఇంటి మాట చెప్పండి."

అవతల ఏమీ వినపడలేదు. వెతుక్కుంటున్నారు అనుకున్నాడు శేషగిరిరావు. దుర్గమ్మ అంటావు, కనకదుర్గ అంటావు, అను. ఆ నిశ్శబ్దంలో వరండాలోంచి పిల్లల గోల, స్టీలు డబ్బాల చప్పుడు వినపడుతున్నాయి. తర్వాత ఆ గొంతు నెమ్మదిగా, దాదాపు ముద్దుగా అంది:

"చింతచిగురు గారు."

శేషగిరిరావు చెయ్యి దానంతటదే మ్యూట్ బటన్ మీద పడింది.

"సరైనదేనా సార్?" అన్నాడు జాన్ పాల్. వారం రోజుల్లో తనంతట తను అడిగిన మొదటి మాట.

జవాబు ఆయన మొహంలోనే ఉంది. జ్ఞానేశ్వరి గ్లాసుని టేబుల్ మీద పెట్టింది. నీళ్ళు తొణికి ఆమె చీర మీద పడ్డాయి. తుడుచుకోలేదు.

"ఎవరికి చెప్పారు సార్?"

"ఎవరికీ చెప్పలేదమ్మా."

"ఈ గదిలో, తలుపేసి, మీ ఒక్కరికే చెప్పాను. మా అమ్మకి కూడా చెప్పలేదు."

"నా పిల్లల మీద ఒట్టు..."

"ఒట్లొద్దండీ. ఇంట్లో అన్నారా? ఫోన్లో ఎవరితోనైనా అన్నారా? నిద్రలో అన్నారా? చెప్పండి."

సర్వీసంతా ఆయన అడిగిన ప్రశ్నలే అవి. వాటికి నిజం చెప్పేవాడి నోట కూడా మాట ఎలా తడబడుతుందో ఆయనకి ఇప్పుడు తెలిసింది. జాన్ పాల్ తను ఆ రోజు నిలబడ్డ గోడ వైపు ఒకసారి చూసి చూపు దించుకున్నాడు.

"ముందు పాపని లోపలికి తీసుకురమ్మను," అన్నాడు శేషగిరిరావు అతనితో. "ఆదెమ్మని చెయ్యి వదలొద్దని చెప్పు. గేటు చిన్న తలుపు కూడా వేసెయ్. ఎవరొచ్చినా తియ్యొద్దు." జాన్ పాల్ పరుగెత్తాడు. ఆయన జ్ఞానేశ్వరి వైపు తిరిగాడు. "అమ్మా, నన్ను తర్వాత కొట్టండి. ముందు ఇది వినండి. మీరు నాకు చెప్పింది చింతచిగురు. అంతే కదా?"

"అంతే."

"నా దగ్గర్నుంచి పోయి ఉంటే ఆ ఒక్క ముక్కే పోవాలి. వాడు చింతచిగురు గారు అన్నాడు. ఒక్క అక్షరం ఎక్కువైనా చెల్లదని హాల్లో అంత గట్టిగా చెప్పానే. అది తెలిసినవాడు గారు ఎందుకు తగిలిస్తాడు? అలవాటు కొద్దీ వచ్చిందా?"

జ్ఞానేశ్వరి మొహంలో కోపం ఎలా ఉన్నది అలాగే ఉంది కానీ, దాని కింద నుంచి ఇంకేదో పైకి వస్తోంది. వరదరోజున గుమ్మం కింద నుంచి నీళ్ళు వచ్చినట్టు, చప్పుడు లేకుండా.

"నేను మీకు గారు చెప్పలేదు," అంది.

"అదే అంటున్నా."

"పొద్దున్నే కాఫీ ఇచ్చేటప్పుడు ఆయన నా పొట్ట మీద చెయ్యేసి అడిగేవారు. 'చింతచిగురు గారు లేచారా?' అని. 'చింతచిగురు గారు రాత్రి తన్నారా?' అని. కడుపులో ఉన్నదానికి కూడా మర్యాదేంటండీ అని నేను నవ్వేదాన్ని. ఆయన ఏనాడూ గారు లేకుండా అనలేదు. నేను ఏనాడూ గారు కలిపి అనలేదు. అందుకే మీకు చెప్పినప్పుడు..." ఆమె ఆగింది. "బతికున్నవాళ్ళలో ఇంకెవరికీ తెలియని మాట చెప్పమన్నారు కదా సార్. అలాగే చెప్పాను."

ఆ మాటని ఆమె ఎందుకు ఎంచుకుంటుందో తెలిసినవాడికి, అదేమిటో కనుక్కోవడానికి ఎవరి చెవిలోనూ దూరాల్సిన పని లేదు. లోకంలో ఎవరికీ తెలియని మాట కోసం వెతుక్కుంటూ ఆమె ఏ మూలకి వెళ్తుందో చింతచిగురు గారు అని పిలిచినవాడికి తెలుసు. ఆ మూలలో అతనే ఉన్నాడు.

అద్దాల బీరువాలో వినాయకుడి పక్కన తన ప్లాను కనిపిస్తోంది. బయటివాళ్ళు అని రాసి మీసం దువ్వుకున్న ప్లాను.

జాన్ పాల్ తలుపు తోసుకుని వచ్చాడు. అతని వెనక ఆదెమ్మ, ఆమె చెయ్యి పట్టుకుని శాంభవి. పిల్ల మూతికి ఇంకా పప్పు అంటుకుని ఉంది. "అమ్మా, నేనింకా పెరుగన్నం తినలేదు," అంది.

"హలో," అంది స్పీకరు. "ఉన్నారాండీ? పాపని పంపిస్తున్నారా?"

శాంభవి ఫోన్ వైపు చూసింది. తర్వాత తల్లి నోటి వైపు చూసింది. ఆదెమ్మ కొంగుని గట్టిగా పట్టుకుంది.

శేషగిరిరావు వద్దని చెయ్యి చాపేలోపలే జ్ఞానేశ్వరి మ్యూట్ తీసేసింది. టేబుల్ అంచు పట్టుకుని ఫోన్ మీదకి వంగి, ఎన్నో పొద్దులు వంటింట్లోంచి పడగ్గదిలోకి పిలిచిన పిలుపే పిలిచింది.

"ఏవండీ."

అవతలి మనిషి ఆలోచించుకోలేదు. ఆ పిలుపుకి ఎప్పుడూ ఎలా పలికేవాడో అలాగే పలికాడు. అచ్చం ఆమె గొంతుతోనే.

"ఊఁ."

ఆ వెంటనే లైను తెగిపోయింది.

ఫోన్ గీమని మోగుతూనే ఉంది. దాన్ని ఆపాలని ఎవరికీ తోచలేదు. ఆ రోజు అడగకుండా మింగేసిన ప్రశ్న ఇప్పుడు మళ్ళీ శేషగిరిరావు నోటి దాకా వచ్చింది. దాన్ని పైకి అడిగింది మాత్రం జ్ఞానేశ్వరి. పిల్లకి వినపడకూడదని దాని చెవులు రెండూ తన అరచేతులతో మూసి, ఆయన కళ్ళలోకి చూస్తూ అడిగింది.

"సార్, ఆయన చొక్కా తొడుక్కుని బురదలో పడున్నది ఎవరండీ? నా పాప చేత కొరివి పెట్టించింది ఎవరికండీ?"